క్రొత్త కూటములు – మన పొరుగువారు

వాక్యభాగము: అపొ. కార్యములు 5:33–39



పల్లెలో ఒక కుటుంబము మన మందిరము విడిచి క్రొత్త కూటమునకు వెళ్లగానే, మనలో కొందరు వారి యింటి పెండ్లికి పోవుట మానుదురు. వారిలో ఎవరైన మరణించినయెడల, మన సమాధుల తోటలో చోటియ్యవచ్చునా అని వాదింతురు. ఇది తగునా?

క్రొత్తదగుట నేరము కాదు. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు వచ్చినప్పుడును, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడును, ఊరివారి దృష్టికి మన పితరులే క్రొత్త మతస్థులు.

తరువాత 1938లో, లూథరన్ సంఘమున పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు బైబిలు మిషను స్థాపించిరి. పంజాబులో సిక్కు కుటుంబమున పుట్టి కెనడాలో క్రీస్తును ఎరిగిన భక్తసింగ్ గారు 1941లో మద్రాసునందును, 1950లో హైదరాబాదు హెబ్రోనునందును సహవాసములు నెలకొల్పిరి. అక్కడ అందరును చెప్పులు విడిచి చాపలమీద కూర్చుండిరి. ప్రేమవిందులో ఏ కులమువారైనను కలిసి భుజించిరి. మన మందిరములలోనో, ముందు బల్ల ఎవరిదో, గుమ్మము ప్రక్క చోటు ఎవరిదో అడుగకయే తెలియు స్థలములు లేకపోలేదు. (ఈ మాట కొందరికి రుచింపదు.) పాదిరిగారికి అనేక గ్రామములు. జ్వరపడిన బిడ్డకొరకు రాత్రివేళ ప్రార్థింప వచ్చినవారి వెంట ఒక తల్లి వెళ్లినయెడల, ఆమెను భ్రష్టురాలని పిలుచుటకు ముందు ఆ రాత్రి మనమెక్కడ ఉంటిమో చెప్పవలెను.

అయితే గమలీయేలు ఆలోచన మాత్రమే చాలదు. నిలిచినదంతయు దేవునిదని చెప్పలేము. తప్పు బోధయు తరతరములు నిలువగలదు. ఆత్మలను పరీక్షింపుడని యోహాను (1 యోహాను 4:1) వ్రాసెను. ఇప్పుడు బోధ చేతిలోని ఫోనులోనే వచ్చుచున్నది గనుక ఈ పని మరింత అవసరము. బోధకుడు తన్ను క్రీస్తు స్థానమున నిలుపుకొనుచున్నాడా? కానుకలకు లెక్క చెప్పుచున్నాడా? (మన సంఘపు లెక్కలును చదువబడవలెను సుమా!) మందు మానుమని చెప్పి బిడ్డను ప్రాణాపాయమునకు తెచ్చు బోధను మాత్రము మనము చూచుచు ఊరకుండరాదు. వెంటనే ఆ బిడ్డను ఆసుపత్రికి చేర్చవలెను, వాదము తరువాత.

ఇక సమాధుల తోట సంగతి. వెళ్లిపోయిన కుటుంబపు తాతయు అక్కడనే నిద్రించుచున్నాడు. మనుమని గుంట ఆయన ప్రక్కనే త్రవ్వవలెను. పారలు పట్టుకొని మనవారే ముందుగా వెళ్లవలెను.