చెప్పవలసిన లోపం

అమ్మేవానికి వస్తువులోని లోపం తెలుసు, కొనేవానికి తెలియదు. ఆ తెలియనితనం మీద లాభం పొందడం ధర్మమేనా? సోవియట్ సహకారంతో 1955 నాటి ఒప్పందం మీద వెలసిన భిలాయి ఉక్కునగరంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన సందర్భం ఉంది. ఉద్యోగ విరమణ పొందినవారు క్వార్టరు ఖాళీచేసి శ్రీకాకుళానికో, మరో స్వస్థలానికో తరలిపోయేటప్పుడు ఇంటి సామానులో కొంత అమ్మివేయడం సహజం. అమ్మినవారు మళ్లీ కనిపించకపోవచ్చు.

అలా అమ్మకానికి వచ్చిన రెండు తొట్ల పాత వాషింగ్ మెషీన్‌నే తీసుకుందాం. ఒక తొట్టి బట్టలు ఉతుకుతుంది, రెండవది వేగంగా తిరిగి నీరు పిండుతుంది. దాని నిర్మాణం సరళం; బెల్టు, టైమరు, నీటి సీలు మార్చి మరికొన్నేళ్లు నడుపుకోవచ్చు. కొద్దిపాటి ఆదాయం గల కుటుంబానికి అది మంచి కొనుగోలే. రంగు వెలిసినా, అడుగు తుప్పు పట్టినా, చప్పుడు ఎక్కువైనా కొనేవారు గమనించి బేరమాడగలరు. అయితే మూత తెరవగానే పిండే తొట్టిని ఆపవలసిన బ్రేకు అరిగిపోయి ఉంటే? తీగల పైపొర చెడి, తడిచేతికి విద్యుద్ఘాతం కలిగించే స్థితిలో ఉంటే?

మాట్లాడవలసిన బాధ్యత ఉన్న సందర్భాలలో తప్ప, కేవలం మౌనాన్ని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం మోసంగా పరిగణించదు. ఆ బాధ్యత ఎక్కడ మొదలవుతుందన్నదే నైతిక సమస్య. లోపం ఉన్న ఇంటిని అమ్మే విషయమై ఇద్దరు గ్రీకు తత్త్వవేత్తల వాదాలను క్రీ.పూ. 44లో సిసిరో చర్చించాడు. కొనమని ఎవరూ బలవంతపెట్టలేదు కదా అన్నది డయోజినీస్ పక్షం. దారి తప్పినవానికి దారి చూపకపోవడం కన్నా ఇది హీనమన్నది యాంటిపేటర్ పక్షం. సిసిరో రెండవదానినే సమర్థించాడు. మన శాంతిపర్వంలోనూ తపస్వి జాజలికి ధర్మం బోధించినవాడు తులాధారుడనే వర్తకుడే.

తక్కువ ధరకే ఇచ్చాం కదా అనే సమాధానం ఇక్కడ చాలదు. తెలిసిన లోపానికే ధర తగ్గుతుంది. తెలియని ప్రమాదానికి బేరం జరగదు. పైగా ఆ తొట్టిలో చేయిపెట్టే పసిబిడ్డ గాని, తడి నేలపై నిలిచి బట్టలు తీసే పనిమనిషి గాని ఆ బేరంలో పాల్గొనలేదు. కంటికి కనిపించే లోపాన్ని చెప్పడం మర్యాద. ప్రాణానికి ముప్పు తెచ్చే లోపాన్ని చెప్పడం విధి. చట్టం అడగకపోయినా, కొనేవారు అడగకపోయినా ఆ విధి తప్పదు.

భిలాయిలో తయారయ్యే రైలుపట్టాలను అతిధ్వని తరంగాలతో పరీక్షించి, లోపలి పగుళ్లు లేవని నిర్ధారించుకున్న తరువాతే పంపుతారు. ప్రయాణికులెవరూ పట్టాను పరీక్షించి రైలెక్కరు. కర్మాగారంలో పాటించే ఆ నియమం క్వార్టరు గుమ్మం దగ్గర జరిగే చిన్న అమ్మకానికీ వర్తించవలసిందే.