ఆలస్యంగా వచ్చినవాళ్ళు

హరికథకి ఆలస్యంగా వెళితే "ఎంతదాకా వచ్చిందండీ?" అని పక్కావిణ్ణి అడగాలి. ఆవిడ విసుక్కుంటే విసుక్కున్నదే! ఫాంటమ్ బొమ్మల కథల్లో ఆ అవస్థ లేదు. 1936లో అమెరికా పత్రికల్లో లీ ఫాక్ మొదలుపెట్టిన ఈ కథలు మనకి 1964 నుంచి 1990 దాకా ఇంద్రజాల్ కామిక్స్‌లో వచ్చాయి. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసమంటూ, చాలా కథల మొదట్లో పాత సంగతంతా నాలుగు బొమ్మల్లో మళ్ళీ చెప్పేవారు.

చిత్రమేమిటంటే, చెప్పేది అసలు రహస్యమే. అడవిలో చాలామంది అతణ్ణి 400 ఏళ్ళుగా చావులేని దయ్యమనుకుంటారు. నిజానికి తండ్రి పోతే కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు; కథానాయకుడు 21వ వాడు. అక్కడే పుట్టిపెరిగినవాళ్ళకి తెలియనిది, నిన్నగాక మొన్న పుస్తకం కొన్న పిల్లకి మొదట్లోనే చెప్పేశారు. నమ్మదగిన మనిషా కాదా అని పరీక్ష పెట్టలేదు. పాత పాఠకులు "మళ్ళీ ఇదేనా!" అని పేజీ తిప్పేసి ఉంటారు. ఆమాత్రం విసుగు ఓర్చుకోవడం వాళ్ళ వంతు.

మన ఇళ్ళల్లో ఆలస్యంగా వచ్చేది కొత్తకోడలు. అందరూ ఏదో పాతమాట అనుకుని విరగబడి నవ్వుతారు. ఎందుకో తెలియకుండానే ఆ పిల్లా నవ్వుతుంది. పెద్దత్తగారితో మాటలెందుకు లేవో, ఏ ఊరి పేరు మామగారి ముందు ఎత్తకూడదో ఎవరూ చెప్పరు. తెలియక ఎత్తిందా, "ఇన్నాళ్ళయింది, ఆమాత్రం తెలీదూ?" అంటారు. ఇంటిగుట్టు మరి! ఆర్నెల్లు పోతే తనకే తెలుస్తుందిలే అనేవాళ్ళూ ఉన్నారు. తెలుస్తుంది, నిజమే. పనిమనిషి చెబుతుంది.