వాటా యుండియు జీవిక లేని బంధువు

తండ్రి నెలకొల్పిన నూనెమిల్లునో, జౌళి దుకాణమునో కుమారులు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా మార్చుకొనుట నేడు సాధారణము. కలతలు పుట్టినపుడు అధిక వాటాలు గల అన్నలు తమ్ముని డైరెక్టరు పదవి నుండి తొలగింతురు. వాటా అతని పేరనే యుండును; జీతము మాత్రము నిలిచిపోవును. "అతని ఆస్తిని మేము ముట్టలేదు గదా!" యని వారందురు. ఈ సమాధానము ధర్మసమ్మతమేనా?

మర్కూక్ చెంత 2020లో ప్రారంభమైన కొండపోచమ్మ సాగరము 15 టి.ఎం.సి.ల నీటిని పట్టగలదు. అయినను తూము తెరువనిదే దిగువ మడి తడవదు. వాటాయు నట్టిదే. ప్రైవేటు కంపెనీ వాటాను కోరినవారికి కోరినట్లు అమ్ముకొన వీలుపడదు. లాభమును డివిడెండుగా ప్రకటింపనిచో దానివలన రూపాయియైనను చేతికి రాదు.

లండనులో తివాచీల వర్తకము చేయుచుండిన ఇబ్రహీమీ, నాజర్ అను భాగస్వాములు 1958లో కంపెనీ నేర్పరచిరి. నాజర్ తన కుమారుని అందు చేర్చెను. 1969లో తండ్రీకొడుకులు ఓటు బలముచే ఇబ్రహీమీని తొలగించిరి. లాభమంతయు డైరెక్టర్ల ప్రతిఫలముగానే పంచబడుచుండుటచే అతని రాబడి ఆగిపోయెను. పరస్పర విశ్వాసముపై నిలిచిన ఇట్టి సంస్థలో చట్టము నొసగిన ఓటు హక్కునకు సైతము న్యాయము హద్దని 1972లో హౌస్ ఆఫ్ లార్డ్స్ నిర్ణయించి, కంపెనీ రద్దునకు ఆనతిచ్చెను.

మన 2013 కంపెనీల చట్టమున 241, 242 సెక్షనులు పీడితుడైన వాటాదారునకు దారి చూపుచున్నవి. అతని వాటాను కొనుడని ట్రిబ్యునల్ ఆదేశింపగలదు. అయితే పదవి నుండి తొలగించినంత మాత్రమున పీడనము కాదని టాటా-మిస్త్రీ వ్యాజ్యమున 2021లో సుప్రీంకోర్టు తేల్చెను. కావున చట్టము ప్రతి తమ్ముని కాపాడజాలదు. అది ఆగినచోటనే మన ధర్మము మొదలగును.

బసవేశ్వరుడు కాయకమును జీవనోపాధిగా మాత్రమే గాక శివపూజగా నెంచెను. ఓటు లెక్కతో ఒకని కాయకమును హరించి, ఆ లాభముతో దాసోహము చేసినచో అది దాసోహ మెట్లగును?

అసమర్థుని పదవి నుండి తప్పింపవచ్చును; వ్యాపార రక్షణకై అది అవసరమును కావచ్చును. అయినను అతని పొయ్యి నార్పు హక్కు ఎవరికిని లేదు. విడిపోవు వాని వాటాకు వెల కట్టువా రెవరో, ఎన్ని నెలలలో చెల్లింపవలెనో, అంతవరకు అతని కుటుంబమునకు నెలనెలా ఏమి ఈయవలెనో సఖ్యముగా నున్న నాడే వ్రాసికొనవలెను. కలహము వచ్చిన పిదప వ్రాయబోయిన, కలము బలవంతుని చేతిలోనే యుండును.