ద్వారకలో నిషేధం, ప్రభాసలో విందు

ద్వారకలో మద్యనిషేధం ఉండేది. మునుల శాపం తగిలి, కృష్ణుడి కొడుకు సాంబుడికి పుట్టిన ముసలాన్ని (ఇనుప రోకలిని) పొడిచేసి సముద్రంలో కలిపాక, ఊళ్లో ఎవరూ మద్యం కాయకూడదని చాటింపు వేయించారు. కాదని కాస్తే బంధువులతో సహా కొరత వేస్తామన్నారు. అంత గట్టి శాసనం! తీరా అదే యాదవులు తీర్థయాత్ర పేరుతో ప్రభాసకు వెళ్తూ వెంట ఏం తీసుకెళ్లారో మహాభారతంలోని మౌసల పర్వం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. కృష్ణుడి ఎదుటే బలరాముడు తాగాడు, సాత్యకి తాగాడు, కృతవర్మ తాగాడు. మాటామాటా పెరిగి కత్తి లేచింది. తండ్రి కృష్ణుడి కళ్లముందే ప్రద్యుమ్నుడు కూలిపోయాడు.

మన దేశంలోనూ శాసనం ఉంది. ఈ-సిగరెట్ల (వేప్‌ల) తయారీని, అమ్మకాన్ని, ప్రకటనలను నిషేధిస్తూ 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అయినా హైదరాబాద్‌లో పోలీసులు వేప్‌లు పట్టుకున్నారన్న వార్తలు ఆగలేదు.

పిల్లాడి పెన్సిళ్ల పౌచ్‌లో వేప్ దొరికినా అమ్మ గుర్తుపట్టలేదు. ఒకటి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, ఇంకొకటి హైలైటర్‌లా. మూత తీస్తే మామిడిపండు వాసన. అందులో కాలేది ఏమీ లేదు. ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది, నాలుగు క్షణాల్లో గదిలో జాడ ఉండదు. పాత సిగరెట్టే నయం, చొక్కాకు కంపు అంటించి కుర్రాణ్ణి ఇంట్లో పట్టించేది! పైగా ఇప్పుడు నికోటిన్‌ను లవణ రూపంలో కలుపుతున్నారు. గొంతు మండదు, దగ్గు రాదు. వద్దని ఒళ్లు చెప్పే మొదటి హెచ్చరిక కూడా లేకుండా పోయింది. పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉండే మెదడుకు ఆ అలవాటు త్వరగా పడుతుంది.

2003లో చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ ఈ-సిగరెట్‌ను రూపొందించింది సిగరెట్ మాన్పించడానికి. అసలు సిగరెట్టే ముట్టని పిల్లల చేతికి అది చేరింది. అమెరికాలో వేప్‌ల వల్ల 2019లో మొదలైన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది పోయారు. బాధితుల్లో నూటికి పదిహేను మంది పద్దెనిమిదేళ్లు నిండనివారు. ఎక్కువమంది పీల్చింది గంజాయి నూనె నింపిన వేప్‌లు. ఆ నూనెలో కలిపిన విటమిన్ ఇ అసిటేటే ప్రధాన దోషి అని తేలింది.

గంజాయి అంటే గుర్తొచ్చింది. చిలుం పట్టిన శివుడి బొమ్మ టీషర్టుల మీదికీ, బైకుల మీదికీ ఎక్కింది. హాలాహలాన్ని లోకం కోసం గొంతులో ఆపినవాణ్ణి మన మత్తుకు సాక్షిగా నిలబెట్టడం ఏం భక్తి?

అయితే పిల్లలకు పాఠం టీషర్టు కంటే ముందే ఇంట్లో మొదలవుతుంది. అయ్యప్ప మండల దీక్షలనే చూడండి. మాల వేసుకున్న నాన్న నలభై ఒక్క రోజులు సిగరెట్ ముట్టడు, మందు ముట్టడు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, నోరు తెరిస్తే శరణుఘోష. “ఎంత ప్రయత్నించినా మానలేకపోతున్నా” అని ఏడాదంతా అన్న మనిషే! ఇంతటి నిగ్రహం చూసిన కొడుకుకు ఆ తండ్రి ఎంత ఎత్తున కనిపిస్తాడో. తీరా శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే మిత్రబృందం, బిర్యానీ, సీసాలు. చూసే కుర్రాడికి అర్థమయ్యేది ఒకటే: తాగడం తప్పు కాదు, సెలవు పెట్టి మళ్లీ చేరే ఉద్యోగం.

అలవాటు ముదిరిన పిల్లవాణ్ణి కొట్టి గదిలో పెడితే లాభం లేదు. 14446కు ఫోన్ చేస్తే ప్రభుత్వ సహాయకేంద్రం దారి చూపిస్తుంది. అది అలవాటయ్యాక చేసే పని. ముందు చేయాల్సింది గురుస్వాముల చేతిలో ఉంది. ఇరుముడి కట్టేటప్పుడే ప్రతి స్వామినీ అడగాలి, తిరిగొచ్చిన రాత్రి కార్యక్రమం ఏమిటని. జవాబు చెప్పేటప్పుడు ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడుంటే వాణ్ణి పక్కనే కూర్చోబెట్టాలి.