పని సున్నా

భౌతికశాస్త్రంలో యాంత్రికశాస్త్రం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు ఒక చిన్న లెక్క చేస్తారు. పది కిలోల నీళ్ళ కడవ నెత్తిన పెట్టుకుని ఒక స్త్రీ చదునైన బాట మీద వంద మీటర్లు నడిచింది. గురుత్వాకర్షణకి వ్యతిరేకంగా ఆమె చేసిన పని ఎంత? జవాబు సున్నా. కడవని మోసే బలం పైకి, స్థానభ్రంశం అడ్డంగా. రెండింటి మధ్య కోణం తొంభై డిగ్రీలు, దాని కొసైన్ విలువ సున్నా. కొన్ని చోట్ల స్త్రీకి బదులు రైల్వే కూలీ ఉంటాడు, కడవకి బదులు పెట్టె ఉంటుంది. జవాబు మాత్రం మారదు.

స్త్రీల అదృశ్య శ్రమ గురించి దశాబ్దాలుగా మాట్లాడుతున్న మనకి ఈ జవాబు చూడగానే ఒళ్ళు మండడం సహజం. “ఆవిడేం చేస్తుంది?” అని అడిగితే “ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది” అనే లోకమే పాఠ్యపుస్తకంలోకీ వచ్చి కూర్చుందనిపిస్తుంది. ఆ కోపాన్ని నేను కాదనడం లేదు. అది ఎవరి మీద చూపించాలి, ఎప్పుడు చూపించాలి అనేదే నా ప్రశ్న. ఒక ఆడపిల్ల ఈ లెక్కని అభ్యాసం చేస్తున్నప్పుడు పక్కన కూర్చున్న స్త్రీవాది ఆమెకి ముందు ఏమివ్వాలి, విమర్శనా, పద్ధతినా?

ఇది ఊహించి వేసుకున్న ప్రశ్న కాదు. బుచ్చిరెడ్డిపాలెంలో మా ఇంటి పక్క వీధి అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, తెలుగు మీడియం. సాయంత్రాలు లెక్కల పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు భౌతికశాస్త్రం ఇంటర్‌తోనే ఆగిపోయింది. అందుకని ఇద్దరం కలిసే చదివాం. వాళ్ళమ్మ నాట్లకీ కలుపులకీ పోతుంది. కనిగిరి జలాశయం కింద పారే ఈ వరి నేలల్లో ఆ పనులన్నీ దాదాపు ఆడవాళ్ళవే. కడవ లెక్కకి సున్నా అని రాసి, ఆ పిల్ల పెన్ను కింద పెట్టి అడిగింది. “అట్టయితే అక్కా, మా అమ్మ పొద్దున్నించీ నడుం వంచి నాట్లేస్తే అది కూడా సున్నానేనా?”

పక్కనే ఉన్న వాళ్ళమ్మ నాకంటే ముందే జవాబు చెప్పింది. “పుస్తకంలో సున్నా అని ఉంటే సున్నా అనే రాయి పాపా, మార్కులు రావాల. కూలి లెక్కలో సున్నా రాకుంటే చాలు.”

ఆమె మాటని నేను చాలా రోజులు ఆలోచించాను. అందులో రాజీ లేదు. రెండు లెక్కల పుస్తకాలున్నాయని, ఒకదాని సున్నాని ఇంకొకదానిలోకి ఎవరైనా ఎక్కించడమే అన్యాయమని ఆమెకి తెలుసు. అయితే ఆ పిల్లకి ఇంకొంచెం వివరంగా జవాబు బాకీ ఉన్నాను. దాన్ని ఇద్దరం లెక్క చేసే వెతికాం.

ఎనిమిది మీటర్ల లోతు బావిలోంచి పది కిలోల నీళ్ళు చేదాలి. పది, తొమ్మిది పాయింట్ ఎనిమిది, ఎనిమిది గుణిస్తే 784 జౌల్‌లు. ఇరవై చేదలకి 15,680 జౌల్‌లు. తిండిని కొలిచే కిలోకేలరీల్లోకి మారిస్తే నాలుక్కి కూడా తక్కువ. మన కండరాలు తాము ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే ఇలాంటి పనిగా మార్చగలవు కాబట్టి, ఒంట్లో ఖర్చయింది పదిహేను నుంచి పందొమ్మిది కిలోకేలరీలు అనుకోవచ్చు. అంటే ఒక ముద్ద అన్నం. ఇరవై చేదలు చేదిన చేతుల్ని అడిగితే ఈ జవాబు నమ్మవు. ఇక్కడ సున్నా కూడా రాలేదు, అయినా కష్టానికీ ఈ అంకెకీ పొంతన లేదు. కాబట్టి చిక్కు సున్నాలో లేదు. ఈ కొలత కష్టాన్ని కొలవడానికి పుట్టింది కాదు.

అది ఎందుకు పుట్టిందో చరిత్రలో ఉంది. బలాన్ని దూరంతో గుణించి వచ్చేదానికి ‘పని’ అనే పేరు స్థిరపరిచినవాళ్ళలో ఫ్రెంచ్ ఇంజనీరు కొరియోలిస్ ముఖ్యుడు. 1829లో యంత్రాల ఫలితాన్ని లెక్కగట్టడం గురించి ఆయన పుస్తకం వచ్చింది. ఆవిరి యంత్రాలు గనుల్లోంచి నీళ్ళు తోడుతున్న రోజులవి. ఏ యంత్రం ఎంత బరువుని ఎంత ఎత్తుకి లేపుతుంది, గుర్రంతో పోలిస్తే లాభమా నష్టమా అన్నది అప్పటి ప్రశ్న. అందుకు ఫ్రెంచిలో వాడిన మాట, మన ‘పని’ లాగే, కూలిపనికీ వాడే మామూలు మాట. బతుకులోని మాటని తీసుకుని ఒక సన్నని అర్థంలో బిగించారు. ఆ అర్థంలో అది కచ్చితమైనదే. తర్వాత అదే మాట తన సన్నని అర్థంతో బతుకులోకి తిరిగి వచ్చి “ఇది పని, అది కాదు” అని తీర్పు చెప్పడం మొదలుపెడితే అది శాస్త్రం చేసిన పని కాదు. భాష మీద పెత్తనం ఉన్నవాళ్ళు చేసిన పని.

కడవ లెక్కలో అడుగుతున్నది నిజానికి ఒక్కటే: ఈ నడకలో కడవకి ఎంత శక్తి అందింది? అది పైకి లేవలేదు, మొదట్లో చివర్లో తప్ప దాని వేగం మారలేదు, కాబట్టి ఏమీ అందలేదు. కడవ వైపునుంచి అడిగితే మోసేది మనిషైనా బల్లైనా ఒకటే. కానీ బల్లకి ఆకలెయ్యదు. స్త్రీ మెడలో, నడుంలో కండర తంతువులు కదలకుండా నిలబడడానికి కూడా క్షణక్షణం బిగుస్తూ వదులవుతూ ఉండాలి. ఆ ప్రతి బిగింపుకీ ఏటీపీ ఖర్చవుతుంది, శక్తి వేడిగా పోతుంది. నాట్లలో వంగిన నడుం సంగతీ అంతే. నారుమొక్క ఎత్తే బరువు ఎంతని? ఆ రోజంతటి ఖర్చు ఆ ఒంటిని ఆ భంగిమలో నిలిపి ఉంచడానికే పోతుంది. భౌతికశాస్త్రం దీన్ని దాచిపెట్టదు. లెక్క మొదలుపెట్టేముందు మనం ఏ ‘వ్యవస్థ’ని ఎంచుకున్నామో చెప్పమంటుంది. కడవని ఎంచుకుంటే సున్నా. ఒంటిని ఎంచుకుంటే సున్నా కాదు. ఇది అర్థమయ్యాక ఆ పిల్ల తన నోటుబుక్కులో జవాబు కింద “కడవ మీద” అని రెండు మాటలు చేర్చింది. మార్కులు తగ్గించే జవాబు కాదది. అసలు జవాబుకంటే కచ్చితమైనది.

స్త్రీవాద విమర్శ శాస్త్రాన్ని ప్రశ్నించిన చరిత్ర మనకి తెలియనిది కాదు. ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్ 1985లో, సాండ్రా హార్డింగ్ 1986లో ప్రకృతిని స్త్రీగా, జ్ఞానాన్ని ఆమెమీద గెలుపుగా చెప్పుకున్న ఆధునిక శాస్త్రపు రూపకాలను విప్పి చూపించారు. వాళ్ళకి మనం రుణపడి ఉన్నాం. కానీ కెల్లర్ భౌతికశాస్త్రంలోనే డాక్టరేట్ చేసిన మనిషి. ఆమె విమర్శకి ముందు లెక్కలు చేసిన ఏళ్ళున్నాయి. మన విశ్వవిద్యాలయాల తెలుగు, ఇంగ్లీషు శాఖల్లో ఆ విమర్శ చాలాసార్లు లెక్కలు లేకుండా ఒక్కటే వచ్చి చేరింది. కూలికి పోయే తల్లి బిడ్డతో, తన ఇంట్లో మొదటిసారి ఎంపీసీ చదువుతున్న పిల్లతో, “ఇదంతా మగవాళ్ళ జ్ఞానం” అని చెప్పడం నాలాంటి వాళ్ళకి ఖర్చులేని పని. ఆ మాటకయ్యే ఖర్చు ఆ పిల్ల భరిస్తుంది.

పైగా అది నిజం కూడా కాదు. ఇంటర్ పిల్లలు బట్టీ పట్టే గతిశక్తి సూత్రం వెనక ఎమిలీ దు షాత్లే ఉంది. మెత్తటి మట్టిలోకి ఇత్తడి గుండ్లు జారవిడిచి, వేగం రెట్టింపైతే గుంట లోతు నాలుగు రెట్లవుతుందని డచ్ శాస్త్రజ్ఞుడు గ్రావెసాండె చూపిస్తే, ఆ ఫలితం అర్థమేమిటో 1740లో వచ్చిన తన పుస్తకంలో వాదించినవాళ్ళలో ఆమె ఒకరు. న్యూటన్ ప్రిన్సిపియాని లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి తెచ్చి వ్యాఖ్యానం రాసింది. నలభై రెండేళ్ళ వయసులో గర్భంతో ఉండి ఆ పని ముగించడానికి కాలంతో పోటీపడింది. 1749 సెప్టెంబరులో, కాన్పయిన కొద్ది రోజులకే చనిపోయింది. అనువాదం పూర్తిగా 1759లో వెలువడింది. ఆ సూత్రాన్ని మగజ్ఞానం అని పక్కకు పెట్టడమంటే ఆమె చేసిన పనికి కూడా సున్నా వెయ్యడమే.

యాంత్రికశాస్త్రపు లెక్కల్లో ఇంకొక మాట మనల్ని కలవరపెడుతుంది: “ఘర్షణను ఉపేక్షించండి.” నున్నని తలం, బరువులేని తాడు, గాలి లేని ఆకాశం. ఇలాంటి లోకం ఎక్కడుంది అని నవ్వుకోవచ్చు. కానీ పాఠం అక్కడ ఆగదు. కొన్ని పేజీల తర్వాత ఘర్షణ తన గుణకంతో సహా తిరిగి వస్తుంది. అది అడ్డు మాత్రమే కాదని, అది లేకపోతే అసలు అడుగు ముందుకి పడదని కూడా అప్పుడే తెలుస్తుంది. ముందు వదిలేసి, వదిలేశామని రాసి ఉంచి, తర్వాత తెచ్చి కలపడం. ఇందులో మోసం లేదు. వదిలేసినదాన్ని మరిచిపోవడంతో మోసం మొదలవుతుంది. దేశాల జాతీయోత్పత్తి లెక్కల్లో ఇంటిలోపల ఇంటివాళ్ళకోసం జరిగే వంట, సంరక్షణ లెక్కకి రావు. మెరిలిన్ వారింగ్ 1988లోనే దీన్ని ఒక పుస్తకం నిండా నిలదీసింది. మన దేశపు సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్ళు 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించారు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో ఆ అంకెలు 289, 88. కొలిచారు, కానీ తెచ్చి కలపలేదు. ఇంటర్ పుస్తకం చేసిన పనిని జాతీయ ఖాతాలు ఇంకా చెయ్యలేదు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ‘స్వేచ్ఛా వస్తు పటం’. వస్తువుని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి ఒంటరిగా గియ్యాలి, తర్వాత దానిమీద పనిచేసే ప్రతి బలాన్నీ బాణంగా గుర్తించాలి. స్వేచ్ఛ అన్న మాట చూసి బలాలేవీ లేని వస్తువనుకుంటాం. ఏ బలమూ దాచకుండా గీసిన వస్తువని దాని అర్థం. ప్రతి బాణానికీ ఒక ప్రశ్నకి జవాబుండాలి: దీన్ని ప్రయోగిస్తున్నది ఎవరు? భూమి, తాడు, తలం, చెయ్యి. పేరు చెప్పలేని బాణాన్ని కొట్టెయ్యాలి. తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. “చదువు మానిపించేశారు”, “పెళ్ళి చేసేశారు”. ఎవరు? కథల పాఠం చెప్పేటప్పుడు ఈ ప్రశ్న నేను చాలాసార్లు అడిగాను. అయితే ప్రతి బాణానికీ పేరు రాసేదాకా లెక్క ముందుకి సాగదనే క్రమశిక్షణ నాకు ఈ పటం దగ్గరే దొరికింది. బలాన్ని సమాజానికి అన్వయించడం ఉపమానమే, రుజువు కాదు. కానీ పేర్లు అడిగే అలవాటు ఉపమానం కాదు.

నెల్లూరు జిల్లాకి ఈ అలవాటు కొత్తదేమీ కాదు. అక్షరాస్యతా ఉద్యమ కాలంలో రాత్రి బడి వాచకంలోని పాఠం చదివి, చర్చించి, దూబగుంట ఆడవాళ్ళు తమ బతుకు మీద ఉన్న బరువుకి పేర్లు పెట్టారు. తాగి వచ్చే మొగుడి దగ్గర ఆగకుండా సారా దుకాణం దాకా, అక్కణ్ణించి వేలంపాట దాకా, వేలంపాట ఆదాయం తినే ప్రభుత్వం దాకా వెళ్ళారు. 1992లో జిల్లా అంతా కదిలింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ళకి ముందు అక్షరాలు నేర్పినవాళ్ళెవరూ “ఇది పైవాళ్ళ లిపి” అని చెప్పి ఆపలేదు.

అభ్యాసం అంటే ఇవాళ మన పిల్లలకి తెలిసింది వేరు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు, అందులో భౌతికశాస్త్రానివి 40. ప్రశ్నకి నిమిషం మీద కాస్త. పటం గీసే తీరికెక్కడ? సిమోన్ వేయ్ 1942లో రాసిన ఒక వ్యాసంలో, జవాబు దొరకని రేఖాగణిత సమస్య మీద పెట్టిన శ్రద్ధ కూడా వృథా కాదని, అది పక్క మనిషి బాధని చూడగల చూపుని తయారుచేస్తుందని వాదించింది. 1934-35లో ఫ్యాక్టరీల్లో కూలిచేసి, ఒళ్ళలిసిన మనిషి అన్న మాట అది. దైవం గురించి ఆమె చెప్పినవి నాకు అందవు. ఈ మాట అందింది. నాట్ల నడుం గురించి ఆ పిల్ల అడిగిన ప్రశ్న లెక్క మీద నిమిషం కంటే ఎక్కువ నిలబడినందువల్ల వచ్చిందే. నిమిషంలో గడి నింపి ముందుకి పోయివుంటే సున్నా మిగిలేది, అమ్మ గుర్తొచ్చేది కాదు.

కాబట్టి ముందు పద్ధతే ఇవ్వాలని నా అభిప్రాయం. విమర్శని వాయిదా వెయ్యడానికి కాదు, విమర్శకి కావలసిన చూపు ఆ పద్ధతిలోనే ఉంది కనుక. ఏ వ్యవస్థని ఎంచుకున్నాం, దేన్ని వదిలేశాం, ఎప్పుడు తెచ్చి కలుపుతాం, ఈ బలం ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలూ అలవాటైన ఆడపిల్ల కూలి లెక్కలో, ఇంటి లెక్కలో, దేశపు లెక్కలో సున్నా కనిపించినప్పుడు ఊరుకోదు. అయితే వాటిని అలవాటు చేసే తీరిక ఆ పిల్లలకి ఎవరివ్వాలి? సాహిత్యం పాఠాలు చెప్పే మనం ఆ బాధ్యత సైన్సు మాస్టర్లదే అనుకుని ఎన్నాళ్ళు తప్పుకుంటాం?