పడేవాడు ఎలాగూ పడతాడా?

పాత ఇజ్రాయెలు ఇళ్లకు చదును మిద్దెలు. పగలు వాటి మీద నార ఎండబెట్టుకునేవారు, ఉక్కపోసే రాత్రుళ్లు అక్కడే పడుకునేవారు. అందుకే బైబిలు ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం కొత్త ఇల్లు కట్టుకునేవాడికి ఒక పని పురమాయిస్తుంది. మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టక, ఎవరైనా పడి చనిపోతే హత్యాదోషం ఆ ఇంటికి చుట్టుకుంటుంది. దీనికి ముందు మాట పక్షిగూటి గురించి, తర్వాతి మాట ద్రాక్షతోటలో కలిపి చల్లకూడని విత్తనాల గురించి. దేవుడి ఆజ్ఞల నడుమ ఇలా ఓ మేస్త్రీ పని వచ్చి కూర్చుంది.

యూదు పండితులకు ఇక్కడ ఒక చిక్కు కనిపించింది. ఎవడు ఎప్పుడు పోవాలో దేవుడు ముందే రాసిపెడితే, పిట్టగోడ లేని ఇంటివాడు చేసిన తప్పేమిటి? పడేవాడు ఎలాగూ పడేవాడే కదా! వాళ్ల ధర్మగ్రంథం తాల్ముద్‌లో రబ్బీ ఇష్మాయేలు శిష్యపరంపర దీన్ని దాటవేయలేదు. సృష్టి జరిగిన ఆరు రోజుల్లోనే పడేవాడి పతనం ఖాయమై ఉండవచ్చునని ఒప్పుకుంది. అయినా ఇంటివాణ్ని వదల్లేదు. మంచి జరగడానికి పుణ్యం చేసుకున్నవాడి చెయ్యి, చెడు జరగడానికి దోషం ఉన్నవాడి చెయ్యి ఆసరా అవుతాయన్నది ఆ పరంపర మాట. అంటే చావు రాసి ఉంటే ఉండనీ, నీ మిద్దె మీది నుంచే జరగాలని లేదు.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ వైద్యుడు కూడా. ఆ చట్టానికి ఆయన కొలతలు చెప్పాడు. గోడ పది బెత్తెళ్లకు తగ్గకూడదు, మనిషి ఆనుకున్నా కూలనంత గట్టిగా ఉండాలి. అక్కడితో ఆగకుండా మూతలేని బావికి, గోతికి, ప్రాణం మీదికి తెచ్చే ప్రతి వస్తువుకూ దాన్ని వర్తింపజేశాడు. ఈ లెక్కన గది వెచ్చబెట్టే గ్యాస్ హీటరుకు బిగించే పొగగొట్టం కూడా పిట్టగోడే.

చలిదేశాల్లో ఆ గొట్టం బిగించడం పైకి చిన్న పనిలాగే కనిపిస్తుంది. మండిన వాయువు వేడెక్కి తేలికై పైకి పోతుంది, పోతూ పోతూ కింది గాలిని తన వెంట లాగుతుంది. ఆ లాగుడు చెడకుండా, అడ్డంగా నడిచే గొట్టాన్ని అడుగుకు పావు అంగుళం చొప్పున ఎత్తుకుంటూ పోవాలని అమెరికా నిబంధనలు చెబుతాయి. ఒంటిపొర గొట్టానికీ కలపకూ మధ్య ఆరంగుళాల ఎడం ఉండాలి, రెండు పొరల బి-వెంట్ అయితే అంగుళం చాలు. అసలు పరీక్ష బిగించాక ఉంటుంది. హీటరు వెలిగించి, కాసేపు ఆగి, పొగగొట్టం మొదట్లో తెరిచి ఉండే డ్రాఫ్ట్ హుడ్ అంచున ఆర్పిన అగ్గిపుల్ల పెడతారు. అగరుబత్తితో చూసేవాళ్లూ ఉన్నారు. పొగ లోపలికి జారుకుంటే సరే, మొహం మీదికి తిరిగొస్తే హీటరు కట్టేయాలి. తలుపులన్నీ మూసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి మళ్లీ ఓసారి చూడాలి. ఫ్యాను తోసేసిన గాలి స్థానంలోకి ఎక్కడి నుంచో గాలి రావాలి, బిగుతైన ఇంట్లో అది పొగగొట్టంలోంచే దిగవచ్చు. మంచి మెకానిక్కుకూ మామూలు మెకానిక్కుకూ తేడా ఈ రెండో పరీక్ష దగ్గరే తెలుస్తుంది.

గాలి చాలక గ్యాస్ అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత మొదలైతే జ్వరం వచ్చేలా ఉందనుకుని మనిషి వెళ్లి పడుకుంటాడు.

నిజానికి సహజవాయువుకూ సొంత వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ బడిలో నేల కింద చేరిన గ్యాస్ పేలి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌కు కంపు కలపాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. మన వంటింటి సిలిండరు కంపు కూడా అలా కలిపిందే. కానీ మండేటప్పుడు ఆ కంపూ కాలిపోతుంది, కాబట్టి పొగ విషయంలో ముక్కును నమ్ముకోవడానికి లేదు.

1977లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన టెన్నిస్ ఆటగాడు వైటస్ గెరులైటిస్ 1994 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని సౌతాంప్టన్‌లో ఒక స్నేహితుడి అతిథిగృహంలో పడుకుని మరి లేవలేదు. వయసు 40. ఈతకొలను హీటరు పొగ ఆ గదిలోకి చేరింది. గొట్టం సరిగా బిగించలేదంటూ మెకానిక్ మీద నేరపూరిత నిర్లక్ష్యం కేసు పెట్టారు. 1996లో జ్యూరీ అతణ్ని నిర్దోషిగా వదిలేసింది. ఆ తీర్పు సంగతి అటుంచితే, ఒక ప్రశ్న మిగులుతుంది. నిజంగానే తప్పుగా బిగించిన రెండు హీటర్లున్నాయనుకుందాం. ఒకదాని పక్క గదిలో ఎవరో పడుకున్నారు, రెండోదాని పక్క గది ఖాళీ. బిగించిన ఇద్దరి దోషమూ ఒకటేనా? తత్వవేత్తలు థామస్ నేగెల్, బెర్నార్డ్ విలియమ్స్ 1976లో చర్చకు తెచ్చిన నైతిక అదృష్టం ఇదే. అంతకు చాలా ముందే, 1877లో, గణితవేత్త క్లిఫర్డ్ ఒక ఓడ యజమానిని ఊహించాడు. పాతబడిన ఓడ బాగానే ఉందని తనకు తానే సర్దిచెప్పుకుని జనాన్ని ఎక్కించి పంపాడతను. ఓడ క్షేమంగా ఒడ్డుకు చేరినా అతని దోషం రవ్వంత కూడా తగ్గదన్నాడు క్లిఫర్డ్. రబ్బీలూ ఆయన పక్షమే అనుకోవచ్చు. ఎవరో పడేదాకా ఆగి గోడ కట్టమనలేదు కదా వాళ్లు.

మన దగ్గర చావుకు దోషం ఎవరిదన్న ప్రశ్నను భారతం ఆనుశాసనిక పర్వం మొదట్లోనే ఎత్తుకుంది. గౌతమి అనే ముసలి తల్లి కొడుకును పాము కరుస్తుంది. వేటగాడు అర్జునకుడు పామును పట్టి తెచ్చి చంపమంటావా అని అడుగుతాడు. నన్ను పంపింది మృత్యువంటుంది పాము. నన్ను కాలుడు పంపాడంటుంది మృత్యువు. పిల్లవాడి కర్మే చంపిందంటాడు కాలుడు. గౌతమి పామును వదిలేయమంటుంది. మన ఊళ్లలో ఎవరు పోయినా వినిపించే ‘నూరేళ్లు నిండాయి’ అన్న మాటకు ఇంతకు మించిన కథ లేదు. అయితే ఆ మాట అన్నది కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఆమె నోట అది క్షమ. అదే మాట పాము చెబితే తప్పించుకోవడం, గొట్టం సరిగా బిగించని మెకానిక్ చెబితే మరీను. పైగా అదే పర్వంలో నాలుగైదు అధ్యాయాలు దాటేసరికి, దైవం గొప్పదా పురుషకారం గొప్పదా అని ధర్మరాజు అడుగుతాడు. పొలం లేని విత్తనంలా, మనిషి పూనిక లేని దైవం పండదన్నది అక్కడి జవాబు.

హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో చలికాలం హీటర్లు అరుదే గానీ గ్యాస్ గీజర్లు ఉన్నాయి. ఇరుకు స్నానాలగదిలో గీజరు, చలిగాలి వస్తుందని మూసేసిన వెంటిలేటరు, లోపల గడియ. గీజరును బయట పెట్టి వేడినీళ్లు పైపులో లోపలికి తెచ్చుకోవడం ఈ ప్రమాదం తప్పడానికి సులువైన మార్గం. అయితే ఆ పని ఎవరిది? అద్దె ఇంటికి తలుపులు పెట్టడం ఇంటివాడి వంతు, పిట్టగోడ కట్టుకోవడం అద్దెకున్నవాడి వంతు అని తాల్ముద్ మరోచోట తేల్చింది. మిద్దె ఎక్కేది అతనే కదా అన్న లెక్క కాబోలు. మన నగరాల్లో ఇది నడవదు. పదకొండు నెలల అగ్రిమెంటులో రంగులకు ఎంత కోయాలో ఉంటుంది, గోడలకు మేకులు కొట్టరాదని ఉంటుంది. గొట్టానికి కన్నం ఎవరు వేయించాలో ఉండదు. వేయిస్తే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత పోతుందో ఓనరునే అడగాలి.