ఎవరి ఆదికి కుట్టిన చొక్కా?

బట్ట మనిషిని కాపాడుతుందంటారు. మా విషయంలో మాత్రం బట్టే మమ్మల్ని పట్టిస్తుంది. గళ్ళ లుంగీ కట్టినా, టోపీ పెట్టినా, మా ఆడవాళ్ళు బుర్ఖా వేసుకున్నా, మేం నోరు విప్పకముందే మా గురించి ఒక అభిప్రాయం తయారై ఉంటుంది. 2019 డిసెంబరులో జార్ఖండ్‌లోని దుమ్కా ఎన్నికల సభలో, నిప్పు పెడుతున్నదెవరో వాళ్ళ బట్టల్ని బట్టే తెలుస్తుందని సాక్షాత్తు ప్రధాని నరేంద్ర మోదీ అన్నారు. ఆ చూపు కొత్తదేం కాదు. మన సినిమాలు దశాబ్దాలుగా నేర్పిందే. సినిమాలో సాయిబంటే కళ్ళకు సుర్మా, మెడలో తావీదు, వచ్చీరాని తెలుగు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల మనిషికీ అదే వేషం, బడిలో తెలుగు పాఠం చెప్పే ముస్లిం పంతులుకీ అదే వేషం.

ఒకరి బట్టల గురించి ఇంకొకరు మాట్లాడే హక్కు ఎక్కడ మొదలవుతుంది? ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదనడం తేలిక. కానీ మనుషులు చూస్తారు, చూసింది అంటారు. ఆ అనడంలోనే రకాలున్నాయి. వాటిని విడదీసి చూడాలి.

బట్టల్ని చూసి మాట్లాడటమే వృత్తిగా బతికిన ఒక మనిషి దగ్గర దీనికి కొంత జవాబు దొరుకుతుంది. ఆయన పేరు టిమ్ గన్. న్యూయార్క్‌లోని పార్సన్స్ డిజైన్ స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన పంతులు. 2004 డిసెంబరులో అమెరికా టీవీలో మొదలైన 'ప్రాజెక్ట్ రన్‌వే' అనే పోటీతో లోకానికి తెలిశాడు. ఆ పోటీలో పాల్గొనేవాళ్ళు ఇచ్చిన గడువులో, ఇచ్చిన డబ్బుతో బట్ట కొని, కత్తిరించి, కుట్టి, మోడల్‌కు తొడిగి చూపించాలి. ఎదురుగా కూర్చుని ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చే జడ్జీలు వేరు. గన్ జడ్జీ కాదు. ఆయన పనిగదిలోకి వచ్చి, కుట్టు మిషన్ల మధ్య నిలబడి, ఏం చేద్దామనుకుంటున్నావని ముందు అడిగేవాడు. విన్న తర్వాత తన అనుమానం దాచుకోకుండా చెప్పేవాడు. ఉన్నదాంతోనే దాన్ని నిలబెట్టుకోమని చెప్పి వెళ్ళిపోయేవాడు. సూది మాత్రం తను పట్టుకునేవాడు కాదు.

జడ్జీకీ ఆయనకూ తేడా అదే. జడ్జీ తన మనసులో ఉన్న నమూనా పక్కన మన పనిని పెట్టి చూస్తాడు. ఈయన మన మనసులో ఉన్న నమూనా ఏమిటని అడిగి, దాని పక్కన మన పనిని పెట్టి చూస్తాడు.

2016లో గన్ 'వాషింగ్టన్ పోస్ట్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో సగటు ఆడమనిషి తొడిగే సైజు 16, 18 మధ్య ఉంటే, డిజైనర్లు ఆ సైజులకు బట్టలు చెయ్యడానికే మొహం చాటేస్తున్నారని కోప్పడ్డాడు. తప్పు ఒంటిది కాదు, డిజైనుది అన్నది ఆయన వాదన. మరుసటి ఏడు, 2017లో, అదే పోటీ పదహారో విడతకు అయానా ఇఫే అనే ముస్లిం అమ్మాయి వచ్చింది. తల కప్పుకునే అమ్మాయి. ఒళ్ళు నిండుగా కప్పే దుస్తులే తన ప్రత్యేకతగా పెట్టుకుని ఫైనల్ దాకా వచ్చి రెండో స్థానంలో నిలిచింది. ఆమెను ఎవరూ ఉద్ధరించలేదు. చేద్దామనుకున్నది చేసి చూపించే చోటు దొరికింది, అంతే.

అక్కడి కాలేజీలు గన్‌ను పిలిచి ఉపన్యాసాలు పెట్టించుకుంటాయి. అలాంటి ఉపన్యాసమొకటి మన చిత్తూరు జిల్లా పూతలపట్టులో పెడితే? చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు తిరుపతికొకటి, పీలేరు మీదుగా కడపకొకటిగా చీలే ఊరది. మా దర్జీలు వచ్చి ముందు వరసలో కూర్చుంటే ఏమనుకుంటారు? ఇది మేం రోజూ చేసేదే గదా అనుకుంటారు.

సాయిబు కుట్టు మిషను ముందు ఒక్క పూట కూర్చుని చూడండి. రెడ్లమ్మ వస్తుంది, బలిజోళ్ళ కోడలు వస్తుంది, దళితవాడ నుంచి పెళ్ళికూతురు వస్తుంది. "ఆది జాకెట్టు తెచ్చినావామ్మా?" అన్నది ఆయన మొదటి మాట. తర్వాత, "మెడ ఎంత దించాల? చేతులు మోచేతి దాకా పెట్టాల్నా?" మా దక్కనీ ఉర్దూలో కొలతను 'నాప్' అంటాం. నాప్ తీసుకోకుండా కత్తెర పట్టడం మా వృత్తిలో లేదు. "లోపల కొంచెం బట్ట వదిలిపెట్టు సాయబూ, రేపు బిడ్డ ఒళ్ళు చేస్తుంది" అంటే వదిలిపెడతాడు. అడిగిన మెడ ఆమెకు నప్పదనుకుంటే ఆ మాటా చెబుతాడు. చెప్పి, ఆమె అడిగినట్టే కుడతాడు. ఆమె మతం ఆయనకు తెలుసు, కులం తెలుసు. అవేవీ ఆయన టేపు మీద అంకెలుగా లేవు.

దర్జీ అనే మాట పారశీకం నుంచి వచ్చింది. జేబు, రుమాలు, పైజామా, కమీజు మా ఉర్దూ నుంచి మీ తెలుగులోకి నడిచొచ్చినవే. మీరు సన్మాన సభల్లో కప్పే శాలువా కూడా ఆ దారినే వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ పేరులోని 'కలం' మాదే, దాని మీద గీసే రామాయణం మీదే. బట్ట దగ్గర ఇంతగా కలిసిపోయిన మనుషులం, బట్ట దగ్గరే ఎందుకు విడిపోతున్నాం?

కర్ణాటక చూడండి. 2022 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం యూనిఫాం పేరుతో ఉత్తర్వు ఇచ్చింది. కాలేజీ గేటు దగ్గర ఆడపిల్లల్ని ఆపారు. మార్చిలో హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు రెండుగా చీలారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు తీర్పును నిలబెట్టారు. అది ఆ పిల్ల ఎంపికకు సంబంధించిందని జస్టిస్ సుధాంశు ధూలియా అన్నారు. యూనిఫాం రంగు బట్టతోనే తల కప్పుకుంటామని ఆ పిల్లలు కోర్టుకు విన్నవించుకున్నారు. పూతలపట్టు దర్జీని అడిగితే అర గంటలో తేల్చే సంగతి. అదే తానులోంచి ఇంకో ముక్క కత్తిరించి అంచు కుడితే అయిపోయేది. కానీ అక్కడ ఆది అడిగినవాళ్ళు లేరు. 'ప్రధాన స్రవంతి' అనే చొక్కా ఒకటి కుట్టిపెట్టారు. మా ఒంటికి పట్టకపోతే ఒళ్ళు తగ్గించుకొమ్మంటున్నారు. పక్కింటివాళ్ళ ఆదికి కుట్టిన చొక్కా మాకు బిగుతైతే తప్పు ఒంటిదా, కత్తిరింపుదా?

సెక్యులర్ మిత్రుల ప్రశ్న మాకు తెలుసు. ఆ పిల్ల నోట పలికేది ఆ పిల్ల మాటేనా, తండ్రి నేర్పిన మాటా? న్యాయమైన ప్రశ్నే. మా ఇళ్ళలోనూ జడ్జీలు కుర్చీలేసుకుని ఉన్నారు. ఊరందరి ఆడబిడ్డల్నీ మెడ ఎంత దించాలని అడిగే ఇంట్లోనే, సొంత బిడ్డను అడగనివాళ్ళున్నారు. 2022 సెప్టెంబరులో ఇరాన్‌లో మహ్సా అమీనీ ప్రాణం పోయింది ఆ అడగని రాజ్యం కస్టడీలోనే. బలవంతంగా కప్పే చెయ్యీ, బలవంతంగా లాగేసే చెయ్యీ ఒకే కత్తెరకున్న రెండు అంచులు. ఈ మాట ఉర్దూలో రాస్తే ఇంటి గుట్టు రట్టు చేస్తారా అంటారు. తెలుగులో రాస్తే ముందు మీవాళ్ళకు చెప్పుకోండంటారు. మేం రెండు భాషల్లోనూ రాస్తాం.

ఆ పిల్ల జవాబు మీద అనుమానముంటే ఇంకోసారి అడగండి. ఇంకో చోట, తండ్రి లేనప్పుడు అడగండి. ఆమె చదువుకుని, సంపాదించుకుని, ఇరవై ఏళ్ళ తర్వాత వేరే జవాబు చెప్పేంత బట్ట లోపల వదిలిపెట్టండి. గేటు మూస్తే మాత్రం ఆ రెండో జవాబు ఎన్నటికీ రాదు. బడికి రాని పిల్లను అడిగేది తండ్రి ఒక్కడే.

మార్కెట్టు మమ్మల్ని గుర్తించింది గదా అనేవాళ్ళూ ఉన్నారు. 2016లో డోల్చే గబ్బానా కంపెనీ అబాయాలు అమ్మకానికి పెట్టింది, 2017లో నైకీ ఆటగత్తెల కోసం హిజాబ్ తెచ్చింది. మంచిదే. కానీ కొనుక్కునేవాళ్ళుగా గుర్తించడం వేరు, మాట్లాడేవాళ్ళుగా గుర్తించడం వేరు. కొనలేని మా బీడీ కార్మికురాలికీ ఒక అభిప్రాయముంది.

మేం మెచ్చుకోలు అడగడం లేదు. మా బుర్ఖా మీద, మా టోపీ మీద మీకు అనుమానముంటే నిర్మొహమాటంగా చెప్పండి, వింటాం. మా అనుమానాలు మీకూ చెబుతాం. చెప్పేముందు ఒక్కసారి మా ఆది అడగండి. సూది మాత్రం తొడుక్కునే మనిషి చేతిలోనే ఉండనివ్వండి, ఆ మనిషి మా ఇంటి బిడ్డయినా సరే.